రెండు చేపలకే ఫ్లై విడిపోతోంది, తప్పు ఎక్కడ?

శీను_హారిస్‌బర్గ్ (పెన్సిల్వేనియా)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ ఫోరంలో మీరు రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు. పోయిన చలికాలం ఒక వైజు (గాలాన్ని బిగించి పట్టుకునేది), రెండు బాబిన్లు (దారం కండె పట్టుకునేవి), మంచి కత్తెర కొనుక్కుని ఫ్లైలు, అంటే గాలం మీద ఈకలు, దారంతో చేసే పురుగు బొమ్మలు, కట్టడం మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై దాకా అయ్యాయి. సగం 8 సైజు వూలీ బగ్గర్లు, మిగతావి 14 సైజు పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ (అంకె పెరిగితే గాలం చిన్నది).

బగ్గర్లు చూడ్డానికి బాగానే ఉంటున్నాయి, సస్క్విహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేప కూడా బాగానే పట్టుకుంటోంది. కానీ రెండో చేప నోట్లోంచి తీసేసరికి ఒంటికి చుట్టిన కోడి ఈక తెగి, స్ప్రింగులా ఊడి వేలాడుతోంది. పోయిన శనివారం నాలుగు అలాగే పోయాయి. ఆ నాలుగూ కట్టడానికి నాకు రెండు గంటలు పట్టింది.

చిన్నవాటితో ఇంకో తంటా. చివరి ముడికి వచ్చేసరికి గాలం కన్ను దారంతో మూసుకుపోతోంది. ఏటి ఒడ్డున నిలబడి పిన్నీసుతో పొడుచుకుంటే తప్ప నైలాన్ దూరడం లేదు.

మేలో అమ్మ వస్తోంది. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నాన్న నాటుకోళ్ళు పెంచుతారు. ఒక పుంజు మెడ ఈకలు తెమ్మని చెప్పనా? పనికొస్తాయా?

వాగువెంట (బౌల్డర్, కొలరాడో)

శీనూ, ఈక ఎటు నుంచి ఎటు చుడుతున్నావు? మీద తీగ ఏమైనా వేస్తున్నావా?

శీను_హారిస్‌బర్గ్

తోక దగ్గర ఈక కట్టి, ముందుకి చుట్టుకుంటూ వచ్చి కన్ను దగ్గర దారంతో ఆపేస్తున్నాను అక్కా. తీగ వేయడం లేదు.

వాగువెంట

దొరికింది. ఈక మధ్యలో ఉండే ఈనె చాలా సన్నం. చేప పన్ను ఒక్కచోట గట్టిగా తగిలితే తెగుతుంది. నువ్వు కట్టిన పద్ధతిలో ఆ ఈకను పట్టుకుని ఉన్నవి రెండు కొసలే కాబట్టి, ఎక్కడ తెగితే అక్కడి నుంచి మొత్తం విప్పుకుంటుంది.

ఇలా చేసి చూడు. మారబూ (మెత్తటి ఈక) తోక కట్టేటప్పుడే అక్కడ సన్నటి రాగి తీగ ముక్క కూడా కట్టి వెనక్కి వదిలెయ్యి. ఒంటికి వాడే షెనీల్ (బొచ్చు దారం) చుట్టుకుంటూ ముందుకి రా. ఇప్పుడు ఈకను కన్ను వైపు కట్టు, తోక వైపు కాదు. అయిదారు చుట్లలో వెనక్కి తీసుకెళ్ళు. తోక దగ్గర ఈక కొసను పట్టుకుని ఆ తీగతో రెండు చుట్లు బిగించి వేసి, అదే తీగను ఈక పోగుల మధ్య అటూ ఇటూ ఊపుతూ ముందుకి నడిపించు. ఊపకపోతే పోగులు తీగ కింద నలిగి పడుకుంటాయి. ఈక వెనక్కి వెళ్ళింది, తీగ ముందుకి వస్తోంది, అంటే ప్రతి చుట్టులోనూ తీగ ఈనె మీదుగా అడ్డంగా దాటుతుంది. ఒకచోట తెగినా మిగతా చోట్ల దాన్ని తీగ పట్టుకునే ఉంటుంది.

తోక పొడవు గాలం కాడ పొడవంత చాలు. ఎక్కువైతే చేప వెనక నుంచి తోక లాగి వదిలేస్తుంది. పొడవు తగ్గించాల్సి వస్తే కత్తెర వాడకు, మారబూ కొసలు వేళ్ళతో గిల్లు. కత్తిరించిన తోక నీళ్ళలో చీపురు కట్టలా ఉంటుంది, గిల్లినది ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది. కట్టే ముందు దాన్ని తడి చేసుకో, లేకపోతే టేబులంతా ఎగురుతుంది.

కన్ను మూసుకుపోవడం అందరికీ వచ్చే కష్టమే. మొదటి దారం చుట్టు ఎక్కడ వేస్తున్నావో చూడు. కన్ను అంచునే మొదలుపెడితే చివరి ముడికి చోటు మిగలదు. కన్ను వెనక ఇంకో కన్ను పొడవంత కాడ ఖాళీగా వదిలి మొదలుపెట్టు, ముడి దాకా దాని జోలికి పోకు. ఇంకోటి, ప్రతి సామానూ మూడు చుట్లతో కట్టడం అలవాటు చేసుకో. నేను మొదటి ఏడాది ఒక్కోదానికి పదేసి చుట్లు వేసేదాన్ని. తల మిరియం గింజంత అయ్యేది. బిగువు చుట్ల లెక్కలో ఉండదు, ప్రతి చుట్టునీ దారం తెగే హద్దు దాకా లాగడంలో ఉంటుంది. ఆ హద్దు చేతికి తెలియాలంటే ఉత్తి గాలం మీద కావాలని పదిసార్లు దారం తెంపు.

డెర్బీ_మావయ్య (డెర్బీషైర్, ఇంగ్లండ్)

శీను బాబూ, బగ్గరు గురించి ఆవిడ అంతా చెప్పేశారు. నేను పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ గురించి చెబుతాను, పాతికేళ్ళుగా ఎక్కువగా కట్టేది అదే.

ఇది ఉత్తర ఇంగ్లండు నదుల దగ్గర పుట్టిన పాత ఫ్లై. సామాను మూడే: గాలం, నారింజ రంగు పట్టు దారం, కౌజుపిట్ట జాతి పార్ట్రిడ్జ్ గోధుమరంగు ఈక ఒకటి. ఇంత తక్కువ సామానుతో కన్ను మూసుకుపోతోందంటే నువ్వు ఈకను ఎక్కువసార్లు చుడుతున్నావన్నమాట. ఎన్ని చుట్లు వేస్తున్నావు?

శీను_హారిస్‌బర్గ్

నాలుగు, ఒక్కోసారి అయిదు మావయ్యగారూ. పలచగా ఉంటే చేపకి కనిపించదేమో అనిపించింది.

డెర్బీ_మావయ్య

ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు. అంతకు మించి వద్దు. ఆ పోగులు పురుగు కాళ్ళు. నీళ్ళలో ఒక్కోటి విడిగా కదలాలి. దట్టంగా ఉంటే అన్నీ కలిసి గొడుగులా నిలబడిపోతాయి, ప్రవాహం వాటిని కదిలించలేదు.

ఈకను మొదలు వైపు కట్టకు, కొస వైపు కట్టు. కొస దగ్గర ఈనె సన్నంగా ఉంటుంది, తల లావవదు. ఎంచుకునేటప్పుడు పోగు పొడవు గాలం నోటి వెడల్పుకి (మొనకీ కాడకీ మధ్య ఖాళీకి) ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండేలా చూసుకో. ఒళ్ళు కేవలం దారమే: గాలం మొనకు ఎదురుగా వచ్చేదాకా వెనక్కి చుట్టి, మళ్ళీ ముందుకి రా. నైలాన్ లేదా పాలియెస్టర్ దారమైతే బాబిన్‌ను ఎడమవైపు కాస్త తిప్పి వదులు. మెలి విడిపోయి దారం రిబ్బనులా పరుచుకుంటుంది, ఒళ్ళు నున్నగా వస్తుంది.

పట్టు దారం దొరికితే తప్పకుండా వాడి చూడు. తేనెమైనం రాసి, తడిపితే ఆ నారింజ రంగు ముదిరి గోధుమ వైపు తిరుగుతుంది, లోపలి కాడ నీడ కొంచెం బయటికి కనిపిస్తుంది. ఆ రంగు పాలియెస్టర్‌తో నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మా ఇంటికి దగ్గర్లోనే డవ్ నది. 17వ శతాబ్దంలో చార్లెస్ కాటన్ అనే రచయిత ఈ నది ఒడ్డునే ఉండి ఫ్లైలు కట్టాడు. అప్పటికి వైజు లేదు. గాలాన్ని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కట్టేవారు. నేను కూడా నెలకోసారి అలా ఒకటి కడతాను. దారం ఎంత బిగువుగా ఉందో ఆ వేళ్ళకి తెలిసినంతగా ఇంకెలానూ తెలియదు.

వాగువెంట

కాడ మీద ముందుగా వేసే దారం చుట్లకి ఒక చుక్క సూపర్ గ్లూ పెట్టుకోమని కూడా చెబుతాను. బగ్గరు లాంటి వాటికి చాలా మేలు.

డెర్బీ_మావయ్య

అమ్మా, బాస్ చేపల కోసమైతే మీ ఇష్టం. నేర్చుకునేవాళ్ళకి మాత్రం మొదటి ఏడాది జిగురు వద్దంటాను. చుట్టు వదులుగా ఉంటే ఫ్లై విడిపోవాలి, అప్పుడే తప్పు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. జిగురు ఆ తప్పును కప్పేస్తుంది.

వాగువెంట

మావయ్యగారూ, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వారమంతా ఉద్యోగం చేసి, శనివారం నాలుగు గంటలు ఏటి దగ్గర దొరికే మనిషికి పెట్టెలో గట్టి ఫ్లైలు ఉండాలి. నేర్చుకోవడం ఇంట్లో చేసుకోవచ్చు.

భీమవరం_తోట (పశ్చిమ గోదావరి)

నాకు ఈ విద్య కొత్త, తప్పుగా అడిగితే ఏమనుకోకండి. మా కాలవల్లో ఎర్ర గుచ్చితే జెల్ల పడుతుంది, చిన్న కప్పను కడితే కొరమీను పడుతుంది. ఈకలతో ఇంత కష్టపడి పురుగు చేయడం దేనికి? ఎర్ర వేస్తే ఆ చేపలు తినవా?

వాగువెంట

మంచి ప్రశ్న అండీ. తింటాయి. కానీ తొలకరి వానకి ఉసిళ్ళు లేచిన సాయంత్రం మీ చెరువు గుర్తు చేసుకోండి. పైన రెక్కలు రాలి తేలుతుంటే చేపలు వాటి వెనకే పడతాయి కదా. ఇక్కడి చల్లటి వాగుల్లో ట్రౌట్ చేపకి ఏడాదిలో చాలా నెలలు అలాంటి సాయంత్రాలే. మేఫ్లై అనే పురుగు నీటి అడుగున రాళ్ళ మీద నెలల తరబడి పెరిగి, రెక్కలు వచ్చాక ఒకటి రెండు రోజులు మాత్రమే బతుకుతుంది. రెక్కలు వచ్చినదానికి తినే నోరు కూడా ఉండదు. అవి వందల్లో లేచే గంటలో చేప ఆ సైజు, ఆ రంగు తప్ప ఇంకోటి ముట్టదు. కాబట్టి ఏటిలో ఏది లేస్తోందో చూసి అదే కట్టుకోవాలి.

రెండో కారణం బరువు. మీ గాలానికి సీసం గుండు కడతారు, విసిరితే గుండు దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లైకి బరువే లేదు. అందుకని ఇక్కడ బరువు లైనులో ఉంటుంది. లావుపాటి లైను గాలిలో చుట్ట విప్పుకుంటూ వెళ్ళి చివర్న ఈకను దించుతుంది. అలా దించాలంటే ఫ్లై తేలిగ్గా ఉండాలి. కొన్ని వాగుల్లో ఎరలు నిషేధం కూడా. పట్టిన చేపను వదిలేయాలి, ముల్లు నొక్కేసిన గాలమే వాడాలి.

భీమవరం_తోట

ఇప్పుడు అర్థమైంది. మరి కోడి ఈకల దగ్గర నేను కొంచెం చెప్పగలను. మా వైపు పుంజును రంగుతోనే పిలుస్తాం. ఎర్రదైతే డేగ, నల్లదైతే కాకి, తెల్లదైతే సేతు. మెడ మీద నల్లవి, తెల్లవి సమానంగా ఉంటే పర్ల. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. ఒక్క ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు మూడూ ఉంటే దాన్ని పూల అంటాం. మీకు ఇలాంటి పేర్లు ఉన్నాయా?

డెర్బీ_మావయ్య

బాబూ, మీరు రాసింది చదివి చాలా సంతోషం వేసింది. అచ్చం అలాగే ఉన్నాయి. ప్రతి ఈక మీదా నలుపు తెలుపు అడ్డచారలుంటే గ్రిజ్లీ. ఎర్రటి ఈకకి నడుమ నల్లగీత ఉంటే ఫర్నెస్. తెల్లటిదానికి నడుమ నల్లగీత ఉంటే బ్యాడ్జర్. బూడిదరంగుది డన్. మీ పూలకి దగ్గరగా వచ్చేది క్రీ, ఒకే ఈకలో మూడు రంగులు. అది అరుదు, అందుకే అందరూ వెతుకుతుంటారు. 1922లో మిచిగన్‌లో లెనార్డ్ హాలడే ఆడమ్స్ అనే ఫ్లై కట్టాడు. దానికి గోధుమరంగు ఈక ఒకటి, గ్రిజ్లీ ఒకటి కలిపి చుట్టాలి. క్రీ చేతిలో ఉంటే ఆ రెండింటి పనీ ఒక్క ఈకతో అయిపోతుంది.

ఒకప్పుడు ఇక్కడి షాపుల్లో 'ఇండియన్ కేప్' అని మన దేశపు పుంజుల మెడ చర్మాలే ఎక్కువగా అమ్మేవారు. తర్వాత అమెరికాలో కేవలం ఈకల కోసమే కోళ్ళను ఎంపిక చేసి పెంచడం మొదలైంది. ఆ ఈకలు పొడవుగా, సన్నగా ఉంటాయి, ఒక్క ఈకతో రెండు మూడు డ్రై ఫ్లైలు (నీటి మీద తేలేవి) కట్టవచ్చు. మన నాటుపుంజు ఈక పొట్టి, పోగు పొడుగు. 16 సైజు డ్రై ఫ్లైకి కుదరదు. 8, 6 సైజు బగ్గర్లకి చాలా బాగుంటుంది.

వాగువెంట

శీనూ, అయినా అమ్మచేత తెప్పించకు. శుద్ధి చేయని పక్షి ఈకలు అమెరికాలోకి తేవడం మీద ఆంక్షలున్నాయి, కోళ్ళ జబ్బుల భయం వల్ల. ఎయిర్‌పోర్టులో ఆవిడని నిలబెడితే భాష రాక టెన్షన్ పడుతుంది. నలభై డాలర్ల ఈకల కోసం అది వద్దు.

భీమవరం_తోట గారూ, మీరు అక్కడే కట్టి చూడదలిస్తే, కూరకి కోసిన పుంజు మెడ ఈకలే తీసుకోండి. సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టి, గాలి చొరని సంచీలో కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. తీసి ఒకరోజు బయట పెట్టి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టండి. ఈకలు తినే పురుగులు, వాటి గుడ్లు చావకపోతే ఆరు నెలల్లో మీ ఈకలన్నీ పొడి చేస్తాయి.

భీమవరం_తోట

తప్పకుండా చేస్తాను. ఇంకో మాట. మార్కాపురం వైపు మా బంధువులున్నారు. అడవికోడి మెడ ఈకలకి విదేశాల్లో చాలా విలువ ఉంటుందని ఎవరో అన్నారు. నిజమేనా?

నల్లమల_నీడ (ఆత్మకూరు)

నేను ఎక్కువగా చదువుతాను, రాయడం తక్కువ. దీనికి మాత్రం వెంటనే జవాబు ఇవ్వాలి. దయచేసి ఆ మాట బంధువుల దగ్గర ఎత్తకండి.

నల్లమలలో ఉండేది బూడిదరంగు అడవికోడి. గోదావరికి దక్షిణాన ఎక్కువగా ఇదే, ఉత్తరాన ఎర్ర అడవికోడి. ఈ బూడిదరంగు పుంజు మెడ ఈకల కొసన మైనపు బొట్టు లాంటి మెరిసే పసుపు తెలుపు చుక్క ఉంటుంది. ప్రపంచంలో ఇంకే పక్షికీ సరిగ్గా అలాంటిది లేదు. విక్టోరియా రాణి కాలంలో స్కాట్లండ్ వైపు సాల్మన్ చేపల కోసం కట్టిన ఫ్లైల్లో, జాక్ స్కాట్ లాంటి వాటిలో, రెండు పక్కలా కట్టేది ఈ ఈకనే. ఆ చుక్క కోసం మన అడవుల నుంచి ఏళ్ళ తరబడి ఈ పక్షుల మెడ చర్మాలు ఓడలెక్కాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని వేటాడటం, అమ్మడం నేరం.

తెల్లవారుజామున ఈ పుంజు కూత నాలుగు ముక్కలుగా వస్తుంది, ఊరికోడి కూతలా సాగదు. నేను చిన్నప్పుడు మా ఊరి అంచునే వినేవాణ్ణి. ఇప్పుడు వినడానికి లోపలికి చాలా దూరం నడవాలి.

డెర్బీ_మావయ్య

నీడ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ పిచ్చి ఎంత దూరం పోతుందో ఇక్కడ చూశాం. 2009 జూన్‌లో ట్రింగ్‌లోని మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాలు దొంగతనం అయ్యాయి. దొంగ సాల్మన్ ఫ్లైలు కట్టే యువకుడే. పోయినవాటిలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 19వ శతాబ్దంలో సేకరించినవి కూడా ఉన్నాయి. కొన్ని తిరిగి దొరికాయి గానీ చాలావాటికి చీటీలు తీసేశారు. పక్షి ఎక్కడిది, ఎప్పటిది అని చెప్పే చీటీ పోతే శాస్త్రానికి ఆ చర్మం దాదాపు పనికిరాదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఫారాల్లో పెంచిన అడవికోళ్ళ ఈకలు చట్టబద్ధంగా దొరుకుతాయి. నేను అవి కూడా మానేశాను. నీలం రంగు జే పక్షి ఈకకి బదులు గిన్నెకోడి ఈకకి నీలం రంగు అద్ది వాడతాను. చేప ఎప్పుడూ తేడా పట్టలేదు.

భీమవరం_తోట

అర్థమైంది అండీ. ఇక ఆ మాట ఎత్తను. మరి రాలిన నెమలి ఈకలు?

నల్లమల_నీడ

రాలినవి దేశంలో ఉంచుకోవచ్చు, మీరు కట్టుకోవచ్చు. విదేశాలకు పంపకూడదు, ఎగుమతి నిషేధం. పోస్టులో కూడా వద్దు.

తీర్థన్_దారి (హైదరాబాద్)

ఈకల గురించి ఇంత చర్చ జరిగింది కాబట్టి ఈక చాలా తక్కువ పట్టే ఫ్లై గురించి చెబుతాను. ఏటా హిమాచల్‌లో తీర్థన్ ఏటికి బ్రౌన్ ట్రౌట్ కోసం వెళతాను, నా పెట్టెలో ముప్పావు వంతు ఇదే. ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెజంట్ టెయిల్ నింఫ్ (నింఫ్ అంటే నీటి అడుగున ఉండే రెక్కలు రాని పురుగు). దీనికి దారమే లేదు! సన్నటి రాగి తీగే దారం, అదే బరువు, అదే మెరుపు. ఈదే నింఫ్ కాళ్ళు ఒంటికి ముడుచుకుంటుందని ఆయన గమనించి, కాళ్ళు కూడా పెట్టలేదు.

తీగ కోసం నేను మా ఊరి మోటార్ వైండింగ్ షాపుకి వెళ్ళాను. పంపుసెట్టు మోటారు తీగ లావు, పనికిరాదు. సీలింగ్ ఫ్యాన్ వైండింగ్‌కి వాడే 36 గేజి తీగ అడగండి. వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు, రంగు కూడా సరిగ్గా పురుగు ఒంటి రంగే. షాపాయన అరచేతిలో పట్టేంత ముక్క ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. దాంతో మూడేళ్ళుగా కడుతున్నాను. ఫెజంట్ పక్షి తోక ఈకకి బదులు గోధుమరంగు టర్కీ కోడి తోక పోగులు నాలుగు చాలు. తీగతో పాటు మెలిపెట్టి చుడితే చేప పళ్ళకి తెగవు.

శీనూ, నీ బగ్గర్ల మీదికి కూడా ఈ తీగే సరిపోతుంది.

శీను_హారిస్‌బర్గ్

అందరికీ చాలా చాలా థాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

వాగువెంట అక్క చెప్పినట్టు ఈకను వెనక్కి, తీగను ముందుకి చుట్టి ఆరు బగ్గర్లు కట్టాను. జిగురు వాడలేదు, మావయ్యగారి మాట విన్నాను. ఒకే ఫ్లైతో పదకొండు బాస్ పట్టి వదిలాను. ఈక రెండుచోట్ల తెగింది, అయినా ఊడలేదు. కన్ను మూసుకుపోవడం కూడా తగ్గింది, పదింట్లో ఒకటి తప్పుతోంది.

అమ్మ వచ్చింది. ఈకలు తేలేదు. ఇక్కడ ఎల్లో బ్రీచెస్ వాగులో ఇప్పుడు సల్ఫర్ అనే మేఫ్లై లేస్తోంది, ఒళ్ళు అచ్చం అక్షింతల రంగు. దాని కోసం 16 సైజు గాలం మీద అదే రంగు ఉన్ని పోగులు దారానికి చుట్టాలని రెండు రాత్రులు తంటాలు పడ్డాను. నేను చుట్టినది గొంగళిపురుగులా బొద్దుగా వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని చూసి, "అంత దూది ఎందుకురా, వత్తికి అంత పెడితే నూనె పీలుస్తుందా" అని, చిటికెడు కూడా కాదు, అందులో నాలుగో వంతు తీసుకుంది. కార్తీక పౌర్ణమికి ఏటా 365 వత్తులు చేసే చేయి. దారం మీద పెట్టి బొటనవేలితో ఒకేవైపు ఒక్కసారి దొర్లించింది. తోక వైపు సన్నగా, మెడ వైపు కాస్త లావుగా, దానంతట అదే వచ్చింది. పార్ట్రిడ్జ్ ఈక ఒకటిన్నర చుట్టు నేను వేశాను, ముడి నేను వేశాను.

అలా అయిదు అయ్యాయి. ఆదివారం సాయంత్రం అమ్మని కూడా వాగు దగ్గరికి తీసుకెళుతున్నాను, మడత కుర్చీ కారులో పెట్టాను. అక్కా, ఈ మెత్తటి ఈక ఫ్లైని నీటి పైపైన నడిపించాలా, కొంచెం మునగనివ్వాలా?

వాగువెంట

ముందు మునగనివ్వు. ఎగువకి విసిరి, నీకు ఎదురుగా వచ్చేసరికి లైను బిగిసి అదే పైకి లేస్తుంది, పురుగు పైకి వస్తున్నట్టు. ఎక్కువసార్లు ఆ లేచే క్షణంలోనే పట్టుకుంటాయి. అమ్మ చుట్టిన అయిదూ వాడెయ్యకు, ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టు.